సంచకారం పుచ్చుకున్న రోజే పద్దు రాయి

ఏలూరు

చిరంజీవి మేనల్లుడికి,

తాడేపల్లిగూడెంలో సొంతంగా సన్నాయి మేళం కట్టావని మీ అమ్మ చెప్పింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకీ, కైకలూరు, ఆకివీడు పెళ్లిళ్లకీ ఒప్పుకుంటున్నావట. చాలా సంతోషం. వాయిద్యం సంగతి మీ గురువుగారు చూసుకుంటారు. లెక్కల సంగతి నేను చెబుతాను, విను.

నీ చేతికొచ్చిందంతా నీ ఆదాయం కాదు. పెళ్లివారు 40,000 నీ ఫోన్‌పేకి కొట్టారనుకో. రెండో సన్నాయికి 8,000, ఇద్దరు డోలు వాళ్లకి 16,000, తాళానికి 3,000, వ్యానుకి 4,000 పోతే నీకు మిగిలేది 9,000. రేపు ఎవరైనా అడిగితే నీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది మాత్రం 40,000. ఏడాదికి అలాంటివి 60 పడితే రాబడి 24 లక్షలు, నీ అసలు సంపాదన 5,40,000. ఈ తేడాని రుజువు చేసేది నీ పద్దు పుస్తకమే.

కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా అంటావేమో. 2025-26 నుంచి రిబేటు వల్ల ఆ వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే ఆ 12 లక్షలు చూసేది ఖర్చులు పోగా మిగిలినదాన్ని. ఖర్చు చూపలేకపోతే 24 లక్షలూ నీ నెత్తినే పడతాయి. కొత్త పద్ధతిలో ఎల్‌ఐసీ ప్రీమియం వంటి 80సి మినహాయింపులు పోయాయి గాని, వృత్తి ఖర్చులు పోలేదు.

ఏది వృత్తి ఖర్చు? పూర్తిగా వృత్తి కోసమే పెట్టింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 37వ సెక్షన్ చెప్పింది ఇదే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి, సూత్రం మారలేదు. సన్నాయి పీకలు, డోలు మూతలు, శ్రుతిపెట్టె బాగుచేత, కార్డులు, బ్యానర్లు, ఆడిటర్ ఫీజు వస్తాయి. మేళానికంతటికీ కుట్టించిన ఒకే రంగు యూనిఫాం వస్తుంది. పండక్కి కూడా కట్టుకునే పట్టుపంచె రాదు. ఫోనూ బండీ ఇంటికీ వాడతావు కనుక మేళానికి వాడినంత భాగమే రాసుకో.

లక్ష పెట్టి కీబోర్డు కొంటే ఆ ఏడే లక్షా ఖర్చు రాయడానికి లేదు. తరుగుదల కింద ఏటా 15 శాతం: మొదటి ఏడు 15,000, రెండో ఏడు మిగిలిన 85,000 మీద 12,750. కొన్న ఏడు 180 రోజుల కంటే తక్కువ వాడితే మొదటిసారి సగమే. అందుకని కొనేదేదో ఆషాఢంలోనే కొను, మాఘందాకా ఆగకు.

ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. డోలు వాళ్లకి కూడా ఫోన్‌పేలోనే కొట్టు. పెళ్లివారు శాలువాతో పాటు చేతిలో పెట్టిన నోటు కూడా ఆదాయమే, అదీ రాయి. ఈవెంట్ వాళ్లు టీడీఎస్ కోస్తే 26ఏఎస్‌లో చూసుకుని రిటర్ను వెయ్యి. వెయ్యకపోతే ఆ డబ్బు తిరిగి రాదు.

వృత్తివాళ్లకి రాబడిలో సగమే లాభంగా చూపే 44ఏడీఏ సదుపాయం గురించి ఎవరో ఒకరు నీకు చెబుతారు. కళాకారుల్లో అది సినిమాకి పనిచేసేవాళ్లకే. 1977 నోటిఫికేషన్‌లో గాయకుడి పేరున్నది సినిమా కళాకారుడిగానే. పెళ్లి మేళం అందులో లేదు. ఆడిటర్‌ని అడక్కుండా రిటర్నులో ఆ గడి నింపకు.

జీఎస్టీ 20 లక్షల రాబడి దాటితే పలకరిస్తుంది. శాస్త్రీయ, జానపద కళల ప్రదర్శనకి కళాకారుడు తీసుకునే ప్రతిఫలం ఒక్కో కార్యక్రమానికి 1,50,000 మించకపోతే పన్ను లేదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకి ఆ మినహాయింపు వర్తించదు. సీజన్లో ఆర్కెస్ట్రా కూడా పెడదామనుకుంటే ఆ రాబడి విడిగా రాయి.

ఒక నోటుబుక్కు చాలు. తేదీ, ఊరు, సంచకారం, మొత్తం, ఎవరికెంత ఇచ్చావు అని అయిదు గళ్లు గీయి. సంచకారం పుచ్చుకున్న రోజే అది రాయి, మిగతావి మేళం దిగిన రాత్రే నింపు, రసీదులు కవర్లో పెట్టు. రిటర్నుకి ఇంకా గడువుందిలే అని ఊరుకోకుండా, ఏప్రిల్లోనే ఆ పుస్తకం పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లు.

మీ మావయ్య