సంపదయు సింహాసనమును

అరేబియా ఎడారిలో 1938లో నూనె బయల్పడిన పిదప సౌదీ రాజవంశమునకు అపారమైన ఐశ్వర్యము చేకూరెను. అంతకు ముందే, లోకములోకెల్ల ధనికుడని పేరొందిన రాజు తెలుగునేలపై నుండెను. అతడు 1911లో హైదరాబాదు సింహాసనమెక్కిన ఏడవ నిజాము, మీర్ ఉస్మాన్ అలీఖాను. 1937లో అమెరికాలోని 'టైమ్' పత్రిక అతని చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను.

ఆ సిరికి ముఖ్యమైన మూలము భూమి. సంస్థానములో సుమారు పదియవ వంతు నేల 'సర్ఫెఖాస్' అను పేర నిజాము స్వంతమై యుండెను. తక్కిన నేలలో జాగీర్దారులకును పెద్ద పాలు గలదు. నగరము విడిచి ఉప్పల్, మేడిపల్లి, ఘటకేసరముల మీదుగా తూర్పునకు సాగినచో నల్లగొండ, వరంగల్లు సీమలు వచ్చును. అచ్చట రైతులు దేశముఖులకు వెట్టి చేయుచుండిరి. ప్రజలలో పెక్కుమంది హిందువులు, రాజు ముస్లిము, రాజభాష ఉర్దూ.

1947లో దేశము స్వతంత్రమయ్యెను. నిజాము భారతదేశమున చేరుటకు సమ్మతింపలేదు. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై బడి దోచుకొనిరి, పలువురిని చంపిరి.

అయినను ఇది కేవలము రెండు మతముల పోరు కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినవారు హిందువైన విసునూరు దేశముఖు మనుషులు. 1948 ఆగస్టులో రజాకార్ల చేత హతుడైన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను ముస్లిము. సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాయుటయే అతని నేరము.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. తరువాత పెక్కు తావులలో నిరపరాధులైన ముస్లిములు వేలకొలదిగా హతులైరని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘము తెలిపెను. పగ పెంచినవారు కొందరు. దాని ఫలమనుభవించినవారు వేరొకరు.

ప్రజల నమ్మకము లేని సింహాసనమును రత్నరాసులు నిలుపలేకపోయెను. ఆ నగలను 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనెను. అవి నేడు పేటికలలో భద్రముగా నున్నవి. కాని 1918లో అదే నిజాము స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున నేడు అన్ని మతముల బిడ్డలును ఒక్కచోట కూర్చుండి చదువుకొనుచున్నారు. రాజు దాచుకొన్నది పేటికలో మిగిలెను. ప్రజలకిచ్చినది ప్రజలలో నిలిచెను.