కొంగ దారి – విమానం దారి



రెండు ఊళ్ల మధ్య పెద్ద చెరువు ఉందనుకోండి. బండి కట్ట చుట్టూ తిరిగి పోవాలి. అది నాలుగు కిలోమీటర్లు. కొంగ మాత్రం చెరువు మీదుగా నేరుగా ఎగిరిపోతుంది. దానికి రెండు కిలోమీటర్లే. ఆ నేరు దారిని గాలి దారి అంటాం. విమానం దాదాపు అట్లాగే పోతుంది.

హైదరాబాదు నుంచి దుబాయికి గాలి దారి సుమారు 2,550 కిలోమీటర్లు. మధ్యలో అరేబియా సముద్రం ఉంది. విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మెల్లగా పోతుంది. అందుకే మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. కరీంనగర్ నుంచి హైదరాబాదుకు బస్సులో వచ్చినా ఇంచుమించు నాలుగు గంటలే కదా!

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క సంగతి చెబుతాను. ఆమె పెనిమిటి దుబాయిలో పని చేస్తాడు. రెండేళ్ల తర్వాత ఇంటికి వస్తున్నాడు. "15వ తేదీ రాత్రి మూడు గంటలకు దిగుతాడట" అని ఎవరో చెప్పారు. వీళ్లు 15 నాడు అన్నం తిని, జీపు మాట్లాడుకుని బయలుదేరారు. శంషాబాదు చేరేసరికి ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. దిగి ఒక పగలు, దాదాపు ఒక రాత్రి గడిచిపోయాయి!

తప్పు ఎక్కడ జరిగింది?

రాత్రి 12 దాటితే తేదీ మారుతుంది. 15వ తేదీ మూడు గంటలంటే 14 నాటి రాత్రి తెల్లవారుజామే. వాళ్లు 14 సాయంత్రమే బయలుదేరాల్సింది.

ఆ అక్క ఇప్పుడు చదవడం నేర్చుకుంది. మొన్న టికెట్ తెచ్చి, "పంతులమ్మా, బయలుదేరేది 22:00, దిగేది 03:00 అని ఉంది. ఐదు గంటలు ఎట్లా అయింది?" అని అడిగింది. మంచి ప్రశ్న!

22లో నుంచి 12 తీసేస్తే 10. అంటే రాత్రి పది గంటలు. కానీ అది దుబాయి టైము. పొద్దు మనకు ముందు పొడుస్తుంది. అందుకే దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ పది అంటే మనకు పదకొండున్నర. పదకొండున్నరకు మూడున్నర గంటలు కలిపితే తెల్లవారుజామున మూడు. లెక్క సరిపోయింది.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఇది గుర్తుంచుకోండి.

ఈసారి ఆ అక్క జీపు ఏ రోజుకు కావాలో తనే చెప్పింది. ఎవరినీ అడగలేదు.

లెక్క చేయండి

విమానం 20వ తేదీ 21:30కి దుబాయిలో బయలుదేరింది. ప్రయాణం మూడున్నర గంటలు.

1. హైదరాబాదులో ఎన్ని గంటలకు దిగుతుంది?
2. అప్పుడు తేదీ ఎంత?
3. మీరు ఇంటి నుంచి ఏ తేదీన బయలుదేరాలి?