బి.ఏ.లో రాజనీతి శాస్త్రం: ఏం చెప్తారు? మనకెందుకు?

 

నేను సెలవులకు వచ్చి ఇక్కడ ఆగినప్పుడల్లా ఇంటర్ తమ్ముళ్ళు ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, బి.ఏ.లో పొలిటికల్ సైన్స్ అంటే ఏం చెప్తారు? లీడర్లు అవడం నేర్పిస్తారా?" అని. గోడ పత్రిక సంపాదకులు కూడా ఈసారి నన్ను ఒక పాఠం లాగా రాయమన్నారు. కాబట్టి రాస్తున్నాను. కొంచెం పెద్దదిగా ఉంటుంది. అన్నం గంట కొట్టేలోపు సగం, కొట్టిన తర్వాత సగం చదవండి.

ముందు నిర్వచనం. రాజనీతి శాస్త్రం అనగా రాజ్యమును గురించి, ప్రభుత్వమును గురించి, అధికారమును గురించి చెప్పే శాస్త్రము. గార్నర్ అనే పండితుడు ఇది రాజ్యంతో మొదలై రాజ్యంతోనే ముగుస్తుంది అన్నాడు. గ్రీకులు తమ నగర రాజ్యాన్ని పోలిస్ అనేవారు, పాలిటిక్స్ అనే మాట దాన్నుంచే వచ్చింది. మన దేశంలో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజ్యానికి ఏడు అంగాలు చెప్పాడు: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. ఆ గ్రంథం ఎన్నో శతాబ్దాలు కనపడకుండా పోయింది. 1905లో మైసూరులో శామశాస్త్రి గారి చేతికి తాళపత్ర ప్రతి దొరికితే 1909లో అచ్చు వేశారు. ఇవన్నీ పరీక్షకు వస్తాయి, బట్టీ పట్టొచ్చు. అసలు కష్టం బట్టీలో లేదు, మాటల్లో ఉంది.

మొదటి సంవత్సరం మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టిన మాట 'స్టేట్'. తెలుగులో మనకు రాజ్యం వేరు, రాష్ట్రం వేరు. ఇంగ్లీషులో రెండూ స్టేటే! రాజ్యానికి నాలుగు లక్షణాలు ఉండాలి: ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి మూడూ ఉన్నాయి, నాలుగోది లేదు. కనుక అది రాష్ట్రమే గానీ రాజ్యం కాదు. మన పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, నరసరావుపేట కేంద్రం. దానికి కలెక్టరు ఉన్నారు గానీ శాసనసభ కూడా లేదు. ఇంతవరకు బాగానే ఉంది. అంతలో రాజ్యాంగం 12వ అధికరణ వస్తుంది. ప్రాథమిక హక్కుల కోసం చూసేటప్పుడు కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వం, శాసనసభ, చివరికి పంచాయతీ, మునిసిపాలిటీ కూడా స్టేట్ కిందకే వస్తాయి. అంటే మన హాస్టల్ నడిపే ప్రభుత్వ శాఖ కూడా స్టేటే. అందువల్ల కులం పేరు మీద, తెగ పేరు మీద ఎవరినైనా తక్కువగా చూస్తే 15వ అధికరణ చూపించి అడిగే హక్కు మనకు ఉంది. (వార్డెన్ గారూ, ఇది మిమ్మల్ని ఉద్దేశించి రాసింది కాదండీ!)

ఇప్పుడు మన ఊళ్ళ వైపు వద్దాం. బయటివాళ్ళు పల్నాడు అనగానే పౌరుషం, నాటు బాంబులు అంటారు. నాకు మాత్రం బి.ఏ.లో చేరిన తర్వాత పల్నాటి వీరగాథ అంతా పాఠ్య పుస్తకం లాగా కనపడింది. 12వ శతాబ్దంలో అన్నదమ్ముల మధ్య రాజ్యం రెండు ముక్కలైంది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అక్కడ మంత్రి నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వారు ఏడేళ్ళు వలస పోయారు. గడువు తీరాక రాజ్య భాగం అడగటానికి అలరాజును రాయబారిగా పంపితే అతన్ని విషం పెట్టి చంపారని కథ. ఆ తర్వాతే కారంపూడి యుద్ధం. రాయబారికి ఎందుకు అపాయం చేయకూడదు అనేది మాకు అంతర్జాతీయ సంబంధాల్లో పాఠం, 1961 వియన్నా ఒప్పందం దాని మీదే. కారంపూడిలో కార్తీక మాసం అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే రాయబారం. ఇంకో రోజు మందపోరు, ఆ రోజు చాపకూడు పెడతారు. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినటం బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అంటారు. సమానత్వం గురించి వ్యాసం రాయమంటే ఫ్రెంచి విప్లవం ఒక్కటే రాయనక్కర్లేదు, ఇది కూడా రాయొచ్చు. మా లెక్చరరు గారు దీనికి మార్కులు వేశారు.

అధికారం గురించి మాక్స్ వెబర్ అనే జర్మన్ పండితుడు చెప్పింది నాకు బాగా నచ్చింది. మనం ఒకరి మాట ఎందుకు వింటాం? మూడు కారణాలు అన్నాడు. తాతల నాటి నుంచి వింటున్నాం కాబట్టి, అది సంప్రదాయం. ఆ మనిషిలో ఏదో ఆకర్షణ ఉంది కాబట్టి. చట్టం ప్రకారం ఆ కుర్చీలో ఉన్నాడు కాబట్టి. మన తండాల్లో నాయక్, కార్భారి ఉన్నారు. పెళ్ళి తగాదా వస్తే ఇప్పటికీ ముందు వాళ్ళ దగ్గరే కూర్చుంటాం. ఇది మొదటి రకం. చెంచు పెంటలో పెద్దమనిషి కూడా అంతే. సర్పంచి మూడో రకం. ఆయన పదవి దిగిపోతే సంతకం చెల్లదు, నాయక్ మాట మాత్రం చెల్లుతుంది. రెండూ ఒకే మనిషి దగ్గర ఉన్న తండాలో పనులు తొందరగా అవుతాయి, కానీ అడిగేవాడు ఉండడు. వేరు వేరుగా ఉన్నచోట గొడవలు ఎక్కువ. ఏది మంచిదో మీరే ఆలోచించండి. నాకైతే గొడవలు ఉన్న తండాయే నయం అనిపిస్తుంది.

రాజకీయ విధేయత అని ఇంకో పాఠం ఉంది. ప్రభుత్వం చెప్పినదానికి ఎందుకు లోబడాలి, ఎప్పుడు లోబడనక్కర్లేదు? లాక్ అనే ఆంగ్లేయుడు ప్రజల సమ్మతి లేని ప్రభుత్వానికి హక్కు లేదన్నాడు. దుర్గి దగ్గర మించాలపాడు కన్నెగంటి హనుమంతు గారు లాక్‌ను చదివి ఉండకపోవచ్చు. అడవిలో పశువులు మేపితే పుల్లరి కట్టమన్న బ్రిటిష్ వాళ్ళకు పన్ను కట్టేది లేదన్నాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే నెలలో చౌరీచౌరా తర్వాత గాంధీ గారు సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపేశారు. అడవి ఎవరిది, అందులో మేకను మేపుకోవటానికి ఎవరి అనుమతి కావాలి అన్న ప్రశ్న మాత్రం ఆగలేదు. మన ఇళ్ళల్లో ఇంకా ఉంది.

అందుకే ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు ఉంది. 244వ అధికరణ ప్రకారం కొన్ని గిరిజన ప్రాంతాలను షెడ్యూల్డు ప్రాంతాలుగా ప్రకటిస్తారు, మనం ఏజెన్సీ అంటాం. అక్కడ గిరిజనుల భూమిని ఇతరులు కొనకుండా 1959లో ఒక నిబంధన వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు, అదే 1/70 చట్టం. శ్రీకాకుళం గిరిజన పోరాటం తర్వాత వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది మన నరసరావుపేట ప్రాంతం వారైన కాసు బ్రహ్మానందరెడ్డి గారు. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. గిరిజనేతర 'వ్యక్తి'కి భూమి ఇవ్వరాదు అన్న మాటలో ప్రభుత్వం కూడా వ్యక్తే అని చెప్పింది. దాంతో బొర్రా గుహల వైపు ప్రైవేటు గనుల లీజులు చెల్లకుండా పోయాయి. చూశారా, ఒక్క మాటకు అర్థం చెప్తే కొండలు నిలబడ్డాయి.

కానీ మిత్రులారా, పల్నాడు షెడ్యూల్డు ప్రాంతం కాదు. మాచర్ల, బొల్లాపల్లి వైపు ఎన్ని తండాలు, ఎన్ని పెంటలు ఉన్నా 1/70 ఇక్కడ వర్తించదు. 1996లో వచ్చిన పెసా చట్టం కూడా ఏజెన్సీకే. ఎన్నికల సంగతీ అంతే. రాష్ట్రంలో 175 అసెంబ్లీ స్థానాల్లో ఎస్టీలకు 7 ఉన్నాయి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. మన జిల్లాలో ఉన్న 7 స్థానాలూ జనరలే. ఎస్టీ జనాభా నిష్పత్తి ఎక్కువ ఉన్నచోట ఆ స్థానాలు పెట్టాలని చట్టం. మనం చెదురుగా ఉన్నాం, ఏ నియోజకవర్గంలోనూ లెక్కకు తేలం. మనకు రిజర్వేషన్ దొరికేది పంచాయతీలో, మండలంలో. 1993 నుంచి అమలులో ఉన్న 73వ సవరణ పుణ్యాన.

ఇవన్నీ వర్తించవు గనుక ఇక ఏదీ వర్తించదు అని చెప్పేవాళ్ళు ఉన్నారు. మా మేనమామ అడవి అంచున ఎకరంన్నర కంది వేస్తాడు, వాళ్ళ నాన్న నాటి నుంచీ అదే చెక్క. పట్టా అడగబోతే ఒకాయన "ఇది ఏజెన్సీ కాదు, మీకు అడవి పట్టాలు ఉండవు పో" అన్నాడట. మామ తిరిగొచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. రెండో సంవత్సరంలో నేను 2006 అటవీ హక్కుల చట్టం చదివాను. అందులో షెడ్యూల్డు ప్రాంతం అన్న షరతు ఎక్కడా లేదు. దేశంలో ఏ అడవి భూమికైనా అది వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి, బతుకు దాని మీద ఆధారపడి ఉండాలి. ఎస్టీలు కాని వారైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ళ నివాసం చూపాలి. నాలుగు హెక్టార్లు దాటకూడదు. దరఖాస్తు మొదలయ్యేది ఆఫీసులో కాదు, గ్రామసభలో. గ్రామసభ తీర్మానం సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళుతుంది. కాదంటే 60 రోజుల్లోపు పై కమిటీకి విన్నవించుకోవచ్చు. మామ చేత కాగితం రాయించాను. గ్రామసభలో చదివారు. ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా ఈసారి మామ "నోటితో కాదండీ, కాగితం మీద రాసివ్వండి" అని అడిగాడు. ఆ మాట మా అత్త ఊరంతా చెప్పుకుంది.

మన వాళ్ళలో ఈ చదువు ఎవరైనా చదివి పైకి వచ్చారా అని అడుగుతారు. జైపాల్ సింగ్ ముండా గారి పేరు రాసుకోండి. రాంచీ వైపు ముండా తెగ. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థిక శాస్త్రం చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన మన హాకీ జట్టుకు కెప్టెన్. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో నెహ్రూ గారి లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ ఆదివాసుల పక్షాన నిలబడ్డారు. షెడ్యూల్డు తెగలు అనొద్దు, ఆదివాసులు అనండి అని వాదించారు, ఆ వాదన నెగ్గలేదు. 2022లో రాష్ట్రపతి అయిన ద్రౌపది ముర్ము గారు కూడా భువనేశ్వర్‌లో బి.ఏ. చదివినవారే. ఆమె సంతాల్.

ఇక చేరే సంగతి. ఇంటర్‌లో హెచ్.ఇ.సి. గానీ సి.ఇ.సి. గానీ చదివితే సివిక్స్ ముందే పరిచయం అవుతుంది, కాకపోయినా చేరవచ్చు. నరసరావుపేటలో, మాచర్లలో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. విజయపురి సౌత్‌లో, అంటే మన నాగార్జునసాగర్ దగ్గర, రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీ ఉంది, ఎంట్రన్సు రాయాలి. హాస్టల్‌కు అలవాటు పడిన మనకు అదే సుఖం. వెనక హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవారు. 2023-24లో ఒక మేజరు, ఒక మైనరు పద్ధతి తెచ్చారు. మీరు చేరే ఏడు నిబంధనలు కాలేజీలో అడిగి తెలుసుకోండి. 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియం చేశారు, మన వాళ్ళు భయపడి మానేసేది ఇక్కడే. నేను చేసిన పని చెప్తాను. ఒక నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అకాడమీ పుస్తకంలో ఉన్న మాట, కింద మన ఊరి ఉదాహరణ రాసుకున్నాను. సావరినిటీకి సార్వభౌమాధికారం, ఫెడరలిజానికి సమాఖ్య విధానం, అలా. మూడో గడి నింపలేకపోతే ఆ మాట నాకు రానట్టే లెక్క. రెండు వందల మాటలు దాటేసరికి భయం పోయింది.

ఉద్యోగం మాట రెండు ముక్కల్లో చెప్తాను. గ్రూప్ పరీక్షలకు, సివిల్స్‌కు పాలిటీ తప్పనిసరి. మూడేళ్ళ లా చదవొచ్చు, బి.ఇడి. చేసి సోషల్ టీచరు అవ్వొచ్చు, ఎం.ఏ. చేయొచ్చు. చేరగానే ఉద్యోగం చేతిలో పెట్టే చదువు మాత్రం కాదు ఇది. అలా చెప్పినవాళ్ళను నమ్మకండి.

ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాసి లైబ్రరీ బయట ఉన్న అట్టపెట్టెలో వేయండి. మంచి జవాబు వచ్చే సంచికలో ఇదే గోడ మీద అంటిస్తారు.

1. నలగామరాజు కాలం నాటి గురజాల రాజ్యమా, రాష్ట్రమా? కారణం చెప్పండి.
2. మీ తండాలో గానీ, పెంటలో గానీ, ఊరిలో గానీ గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగింది? ఇంటికి వెళ్ళినప్పుడు అడిగి రాయండి.
3. అందులో మీ అమ్మ మాట్లాడిందా?