ఆసుపత్రిలో అడుగుట నేర్పుదము

పంచాయతీ సభ్యులారా!

వీథి దీపము వెలుగనిచో, మంచినీటి కుళాయి పాడైనచో మన గ్రామస్థులు నేరుగా వచ్చి మనలను అడుగుదురు. కాని ఆసుపత్రి గడప తొక్కినంతనే వారికి నోరు పెగలదు. మందులు బయట కొనుడనినచో అప్పు చేసియైనను కొందురు. చికిత్సను ఒకరు చూపెడి దయగా తలంచుటయే ఇందుకు కారణము. ఈ తలంపును తొలగించుట మన కర్తవ్యమని మేము భావించుచున్నాము.

1992లో పశ్చిమ బెంగాలులో ఒక కూలీ రైలునుండి పడి తలకు తీవ్రముగా గాయపడెను. పడక లేదని, పరికరములు లేవని పలు ప్రభుత్వాసుపత్రులు అతనిని చేర్చుకొనలేదు. అతడు తన కూలీల సంఘముతో కలిసి సుప్రీంకోర్టు నాశ్రయించెను. అత్యవసర సమయమున ప్రభుత్వాసుపత్రి సకాలములో చికిత్స చేయకపోవుట, రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కునకు భంగమని 1996లో కోర్టు తీర్పు చెప్పి, 25,000 రూపాయల పరిహారమిప్పించెను.

హక్కు తెలిసినగాని అడుగుట సాధ్యము కాదు. కాన్పు విషయమునే తీసికొందము. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, అవసరమైనచో ఆపరేషను కూడ, ఉచితము. మందులు, పరీక్షలు, రక్తము, ఆసుపత్రిలో భోజనము, రాకపోకలకు వాహనము కూడ ఉచితమే. ఈ సంగతి ఎరుగని గర్భిణి ఏమని అడుగగలదు?

సభ్యులు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, ఈ సదుపాయముల పట్టికను గ్రామసభలో చదివి వినిపించి, పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట. రెండవది, ఎవరికైన సేవ నిరాకరింపబడినచో, తేదీ, వేళ, కొన్న మందుల బిల్లుతో వైద్యాధికారికి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయించి, నకలుపై ముద్ర వేయించుకొనుట. మూడవది, 2005 సమాచార హక్కు చట్టము క్రింద మందుల నిల్వల వివరములు కోరుట. అధికారులు 30 దినములలోపల జవాబీయవలెను. ప్రాణమునకు సంబంధించిన సమాచారమైనచో 48 గంటలలోపల ఈయవలెను.

అడుగుట యనగా కలహించుట కాదు. మందు లేకపోవుట నర్సు దోషము కాకపోవచ్చును. ఆమెను నిందించినందున మందు రాదు. లోపమును వ్రాసి పై అధికారికి తెలిపినచో దానిని సరిదిద్దుటకు వీలు కలుగును.

చదువురాని తల్లి ఒంటరిగా నోరు విప్పలేకపోవచ్చును. ఆమె ప్రక్కన పంచాయతీ సభ్యురాలొకరు నిలిచినచో ఆమెకు ధైర్యము కలుగును. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాము.