దూబగుంట ఆడవాళ్ళు, లైబీరియా ఆడవాళ్ళు



మా సాయంత్రం తరగతి కాప్రాలో నడుస్తుంది. కొందరు నాచారం ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి వస్తారు. కొందరు నాలుగిళ్ళలో అంట్లు తోమి వస్తారు. మొన్న ఒక పెద్దమ్మ నన్ను అడిగింది.

"సంతకం పెట్టుడు వచ్చింది. బస్సు బోర్డు చదువుడు వచ్చింది. ఇగ ఇంతకంటే చదివి ఏం ఫాయిదా బిడ్డా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే, ఆ వారమే ఒక అక్క తరగతికి రావడం మానేసింది. ఆమె భర్త తాగి వచ్చి, వాచకం తీసి పొయ్యిలో పెట్టాడు. ఆ అక్కకు ఏం చెప్పాలి? ఈ పెద్దమ్మకు ఏం చెప్పాలి? రెండింటికీ కలిపి ఈ పాఠం రాశాను. కొంచెం పొడుగు పాఠం. రెండు మూడు రోజులు పెట్టుకుని చదవండి.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రి పలక పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల ఆడవాళ్ళు పడే బాధ మీద రాసిన పాఠం అది. చదివినవాళ్ళకు అది కథలా అనిపించలేదు. ఇది మన ఇంటి సంగతే కదా అనుకున్నారు.

ఆ రోజుల్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. సారా అమ్మే హక్కును ప్రభుత్వమే వేలం వేసేది. వేలం పాడిన కాంట్రాక్టరు ఊరూరా దుకాణం పెట్టించేవాడు. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే దుకాణం చేరేవి. ఇంట్లో బియ్యం ఉండవు. అడిగితే దెబ్బలు. ప్రభుత్వానికి సారా మీద పెద్ద ఆదాయం. మరి ఆడవాళ్ళ గోడు ఎవరు వింటారు?

దూబగుంటలో రోశమ్మ అనే ఆమె ముందు నిలబడింది. మిగతా ఆడవాళ్ళు ఆమె వెనక నడిచారు. అందరూ కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ తర్వాతే ఆమెను అందరూ దూబగుంట రోశమ్మ అని పిలిచారు. ఊరి పేరే ఆమె ఇంటి పేరు అయ్యింది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. దూబగుంటలో జరిగింది మళ్ళీ పాఠం అయ్యింది. చదవడం నేర్చుకున్నవాళ్ళ కోసం వేసిన తర్వాతి పుస్తకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పేరుతో అచ్చు వేశారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నలాంటి పుస్తకమే అది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు. చదవడం రానివాళ్ళు చదివించుకుని విన్నారు. "వాళ్ళు చేస్తే మనం ఎందుకు చేయలేం?" అన్నారు. చీపుళ్ళు పట్టుకున్నారు. కారప్పొడి కొంగున కట్టుకున్నారు. సారా ప్యాకెట్లు వీధిలో పోసి తగలబెట్టారు. ఊళ్ళోకి సారా రాకుండా కాపలా కాశారు.

1992లో ఈ ఉద్యమం జిల్లా అంతా పాకింది. నెల్లూరులో సారా వేలం పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్ళు వచ్చి అడ్డం కూర్చున్నారు. వేలం వాయిదా పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ వాయిదా పడింది. పోలీసులు వచ్చారు, లాఠీలు వచ్చాయి. ఆడవాళ్ళు లేచి పోలేదు. పత్రికలు రాశాయి. రాష్ట్రమంతా చదివింది.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా నిషేధించారు. అప్పుడు మన హైదరాబాదు కూడా ఆ రాష్ట్రంలోనే ఉంది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండు. కానీ ఆపితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. సీసాల మందు మళ్ళీ వచ్చింది. ఈ మాట చదవగానే తరగతిలో ఒకామె, "అయితే వాళ్ళు ఓడిపోయినట్టే కదా టీచరమ్మా!" అంది. నేను ఒప్పుకోలేదు. చదువు అప్పుడే నేర్చిన ఆడవాళ్ళు ప్రభుత్వం చేత రెండుసార్లు చట్టం మార్పించారు. అంత పని చేసినవాళ్ళను ఓడిపోయారని ఎలా అంటాం? అయినా ఆమె మాటలో కూడా నిజం ఉంది. చట్టం తెచ్చాక కాపలా తీసేస్తే ఏమవుతుందో 1997 చూపించింది.

ఇప్పుడు చాలా దూరం పోదాం. మన దేశానికి పడమట అరేబియా సముద్రం ఉంది. అది దాటితే ఆఫ్రికా ఖండం. ఆ ఖండానికి పడమటి అంచున లైబీరియా అనే చిన్న దేశం ఉంది. అక్కడ 1989లో యుద్ధం మొదలైంది. మధ్యలో కొన్నాళ్ళు ఆగింది. మళ్ళీ రాజుకుంది. అదే దేశం వాళ్ళు ఒకరినొకరు చంపుకున్నారు. చిన్న చిన్న పిల్లల చేతికి తుపాకులు ఇచ్చారు. ఆడవాళ్ళ మీద చెప్పరాని అత్యాచారాలు జరిగాయి.

లేమా బోవీ అనే ఆమె అక్కడ పిల్లల తల్లి. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకు ధైర్యం చెప్పే పని చేసేది. ఆమె చర్చికి వెళ్ళే ఆడవాళ్ళను కూడగట్టింది. ముస్లిం ఆడవాళ్ళు కూడా కలిసి వచ్చారు. తూటాకు మతం తెలియదు కదా! 2003లో వాళ్ళందరూ తెల్ల బట్టలు కట్టుకుని, రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర మైదానంలో కూర్చున్నారు. అధ్యక్షుడి కారు పోయే దారి అది. ఎండలో కూర్చున్నారు. వానలో కూర్చున్నారు. రోజూ కూర్చున్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే. మాకు శాంతి కావాలి. చివరకు అధ్యక్షుడు చార్లెస్ టేలర్ వాళ్ళను పిలిచి మాట్లాడక తప్పలేదు.

తర్వాత ఘనా దేశంలో శాంతి చర్చలు మొదలయ్యాయి. వారాలు గడిచాయి. నాయకులు మంచి హోటళ్ళలో ఉండి మాట్లాడుతూనే ఉన్నారు. ఇక్కడ ఊళ్ళ మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఆడవాళ్ళకు ఓపిక పోయింది. ఘనా వెళ్ళి చర్చలు జరిగే హాలు గుమ్మం ముందు చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఒప్పందం కుదిరేదాకా లోపలివాళ్ళు బయటికి రావద్దు అన్నారు. లేమాను అరెస్టు చేయడానికి మనుషులు వచ్చారు. ఆమె, ఒంటి మీది బట్టలు విప్పేస్తాను అని లేచింది. తల్లి వయసు ఆడది అలా చేస్తే చూసినవాళ్ళకు శాపం తగులుతుందని అక్కడి నమ్మకం. వచ్చినవాళ్ళు వెనక్కి తగ్గారు.

2003 ఆగస్టులో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 2005 ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అనే మహిళ ఆ దేశానికి అధ్యక్షురాలిగా గెలిచింది. ఆఫ్రికాలో ఓట్లతో గెలిచిన మొదటి మహిళా అధ్యక్షురాలు ఆమే. 2011లో ఆమెకూ, లేమాకూ, యెమెన్ దేశపు తవక్కుల్ కర్మాన్ అనే ఆమెకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

మా తరగతిలో దీని మీద పెద్ద మాటల యుద్ధమే జరిగింది. "అక్కడ తుపాకులు. మన దగ్గర ఏం యుద్ధం ఉంది?" అని ఒకామె అంది. మూలన కూర్చున్న ఇంకొకామె మెల్లగా అంది: "మా ఇంట్ల రాత్రి తొమ్మిది కొట్టినంక మొదలైతది." తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో దేశం సంగతి చిన్నగా చెబుతాను. అర్జెంటీనాలో 1976లో సైన్యం గద్దె ఎక్కింది. ఎదురు మాట్లాడిన యువకులను, యువతులను ఎత్తుకుపోయింది. ఎక్కడున్నారో చెప్పేవాళ్ళు లేరు. 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు రాజధానిలో సర్కారు భవనం ఎదుటి చౌరస్తాకు వచ్చారు. పోలీసులు గుంపుగా నిలబడవద్దు అన్నారు. సరే, నిలబడం అని ఇద్దరిద్దరుగా గుండ్రంగా నడిచారు! తర్వాత ప్రతి గురువారం నడిచారు. పిల్లలకు కట్టే తెల్ల గుడ్డలను తలకు కట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో ముగ్గురు తల్లులను కూడా ఎత్తుకుపోయారు. మిగతావాళ్ళు నడక ఆపలేదు. 1983లో సైనిక పాలన పోయింది.

ఈ తల్లులు, లైబీరియా ఆడవాళ్ళు అడిగినవాటిని మానవ హక్కులు అంటారు. అంటే మనిషిగా పుట్టినందుకే దక్కవలసినవి. 1948 డిసెంబరు 10న ప్రపంచ దేశాలు కలిసి వీటిని ఒక కాగితం మీద రాసుకున్నాయి. ఆ కాగితం తయారుచేసిన సంఘంలో మన దేశం తరఫున హంసా మెహతా ఉన్నారు. మొదట అందులో "పురుషులందరూ సమానం" అనే అర్థం వచ్చే మాట ఉంది. ఆమె ఊరుకోలేదు. ఇలా రాస్తే ఆడవాళ్ళను లెక్కలోంచి తీసేస్తారు అంది. పట్టుబట్టి "మనుషులందరూ" అని మార్పించింది. ఒక్క మాట! చదవడం రాకపోతే ఆ మాట అక్కడ ఉందని తెలిసేదా?

పెద్దమ్మా, ఫాయిదా అడిగావు కదా. ఈ వారం మనం అర్జీ రాయడం నేర్చుకుందాం. లైసెన్సు లేకుండా మందు అమ్మడం నేరం. బస్తీలో కిరాణా కొట్టు వెనక అమ్మే బెల్టు షాపు కూడా అందులోకే వస్తుంది. దాని మీద అర్జీ ఇలా రాయవచ్చు:

"ఎక్సైజ్ అధికారి గారికి, మా బస్తీ మహిళలు రాయునది. మా బస్తీలో లైసెన్సు లేకుండా మందు అమ్ముతున్నారు. పొద్దున్నే మొదలుపెడుతున్నారు. పిల్లలు బడికి పోయే దారి అదే. ఇళ్ళలో గొడవలు పెరిగాయి. మీరు వచ్చి చూసి, మూయించగలరు."

కింద తేదీ వేయండి. అందరూ సంతకాలు పెట్టండి. వేలిముద్ర వద్దు, సంతకం పెట్టండి. ఒక్కరి పేరు ఉంటే ఆ ఒక్కరికీ బెదిరింపు వస్తుంది. ముప్పై పేర్లు ఉంటే ఎవరిని బెదిరిస్తారు? రెండు కాగితాలు రాసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని మీ దగ్గర దాచుకోండి.

ఇంట్లో కొడితే 181కి ఫోను చేయండి. అది మహిళల కోసం పెట్టిన నంబరు. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. కోర్టుకు పోవాలంటే ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఎంత సంపాదిస్తున్నావని అడగరు. ఈ మూడు సంగతులు నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

వాచకం కాలిపోయిన అక్క కోసం నా దగ్గర ఇంకొక వాచకం ఉంది. ఆమె పక్కింట్లో ఉండేవాళ్ళు ఎవరైనా సరే, రేపు వచ్చి తీసుకుపోండి.

చదివి మాట్లాడండి

వేలం వాయిదా వేయించడానికి నెల్లూరు ఆడవాళ్ళు ఏం చేశారు?

నిలబడవద్దు అంటే అర్జెంటీనా తల్లులు ఏం చేశారు? మీరైతే ఏం చేసేవాళ్ళు?

పైన ఉన్న అర్జీని మీ బస్తీ పేరుతో మళ్ళీ రాయండి. తప్పులు పోతే భయపడకండి, కలిసి దిద్దుకుందాం.