ఎన్‌జీసీ 1277ను చూడు

బుజ్జీ,

చేతుల్లేని గెలాక్సీల సంగతి రాయమన్నావు. కటకాకార గెలాక్సీలంటే అవే. సర్పిలాలకున్నట్టే బిళ్ల ఉంటుంది, నడుమ ఉబ్బూ ఉంటుంది, చేతులే ఉండవు. కొత్త నక్షత్రాలను కనే చల్లని వాయువు వాటిలో దాదాపు అడుగంటి ఉంటుంది. హబుల్ 1936లో వీటికి ఎస్‌0 అని పేరు పెట్టాడు.

ఆ వాయువు ఎటు పోయింది? గెలాక్సీలు కిక్కిరిసిన చోట ఇవి ఎక్కువని 1980లో అలన్ డ్రెస్లర్ లెక్కగట్టి చూపాడు. గెలాక్సీ గుచ్ఛాల్లో కోట్ల డిగ్రీల వేడి వాయువు పరుచుకుని ఉంటుంది. దానిలోంచి దూసుకుపోయే సర్పిలం తన వాయువును పోగొట్టుకుంటుందని గన్, గాట్ 1972లోనే చెప్పారు. చాలా కటకాల కథ ఇదే కావచ్చు. కానీ ఆకారం చూసి అన్నిటికీ అదే కథ అంటగట్టకు.

పెర్సియస్ గుచ్ఛంలో, సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఎన్‌జీసీ 1277 అనే కటకాకార గెలాక్సీ ఉంది. దాని కథ వేరు. పాలపుంతకు రెట్టింపు నక్షత్రాలు నాలుగోవంతు చోటులో ఇరుక్కుని ఉన్నాయి. దాదాపు అన్నీ 1000 కోట్ల ఏళ్ల కిందటివే. ఆ తర్వాత అక్కడ పురుడే లేదు.

పైగా అది ఇతర గెలాక్సీలను దాదాపు మింగనే లేదు. అది ఎలా తెలిసిందో నిదానంగా చదువు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగమిది. పెద్ద గెలాక్సీల చుట్టూ గోళాకార తారాగుచ్ఛాలు తిరుగుతుంటాయి. గెలాక్సీతోపాటు పుట్టినవాటిలో లోహాలెక్కువ, అవి ఎర్రగా కనిపిస్తాయి. (హైడ్రోజన్, హీలియం కానివన్నీ ఖగోళ శాస్త్రంలో లోహాలే.) మింగేసిన చిన్న గెలాక్సీలతో వచ్చి చేరినవాటిలో లోహాలు తక్కువ, అవి నీలంగా ఉంటాయి. మామూలుగా రెండు రకాలూ ఉండాలి. హబుల్ టెలిస్కోపుతో వెతికితే ఎన్‌జీసీ 1277కు నీలంవి దాదాపు కనిపించలేదని బీస్లీ బృందం 2018లో ప్రకటించింది. అంటే పుట్టాక అది ఇతర గెలాక్సీలను పెద్దగా కలుపుకోనే లేదు. పెర్సియస్ గుచ్ఛంలో గంటకు 30 లక్షల కిలోమీటర్లకు పైగా వేగంతో పోతోంది మరి. ఆ పరుగులో పొరుగుదానితో కలవడం కుదరదు. చుట్టూ ఉన్న వాయువేమో చల్లబడి లోపలికి చేరలేనంత వేడి.

దాని నడుమ కృష్ణబిలం 1700 కోట్ల సూర్యుల బరువని 2012లో అన్నారు. తర్వాతి కొన్ని కొలతల్లో మూడోవంతు కూడా తేలలేదు. 2023లో ఇంకో చిక్కు వచ్చింది: నక్షత్రాల కదలికలు కొలిస్తే, కంటికి కనబడక గురుత్వంతోనే తెలిసే కృష్ణపదార్థం జాడ, కొలవగలిగినంత మేర, లేదు. ఉన్నా 5 శాతానికి మించదట. ఇంత బరువైన గెలాక్సీలో అంతకన్నా చాలా ఎక్కువే ఉండాలి.

సెలవులకు వచ్చేలోగా వర్ణపటంలో గీతలు ఎందుకు వెడల్పవుతాయో చదివి ఉంచు, నక్షత్రాల కదలికలు తెలిసేది వాటితోనే. ఆ 2023 పరిశోధనపత్రం ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ తాతయ్య