అదను – పదును: పశ్చిమ ప్రకాశ సేద్యంలో వృక్షసూచనల పరిశీలన

సేద్యమునకు కావలసినవి రెండు: అదను, పదును. అదను కాలానికి సంబంధించినది. పదును నేలలోని తడికి సంబంధించినది. తెలుగు రైతు అదనును కార్తెలతో లెక్కించినాడు, చెట్ల పూతతో సరిచూచుకొన్నాడు. ఈ రెండవ పద్ధతికి శాస్త్రగ్రంథాలలో గల ఆధారమేమి, మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల మెట్టసేద్యంలో దానికి గల విలువ యెంత అనునవి ఇచట విచార్యములు.

వృక్షముల పూతకు, పంటలకు గల సంబంధమును ప్రత్యేకాధ్యాయముగా నిరూపించినవాడు క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు. బృహత్సంహితలోని కుసుమలతాధ్యాయంలో ఆయన ఒక్కొక్క చెట్టు సమృద్ధిని ఒక్కొక్క పంట సమృద్ధికి గుర్తుగా చెప్పినాడు. శిరీషము, అనగా దిరిసెన, బాగుగా వృద్ధిపొందిన కంగులు, అనగా కొర్రలు, పండును. నేరేడు నువ్వులకు, మినుములకు సూచకము; రేగు ఉలవలకు; ఇప్ప గోధుమలకు; రావి సమస్త సస్యములకు. వీనిలో కొర్ర, నువ్వు, ఉలవ పశ్చిమ ప్రకాశపు మెట్టభూములకు చిరపరిచితములే.

అయితే ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. వరాహమిహిరుడు చెప్పినది ఫలనిష్పత్తి. విత్తు వేళ కాదు. ఏ పంట బాగుండునో చెప్పినాడు గాని ఏనాడు విత్తవలెనో ఈ అధ్యాయంలో చెప్పలేదు. దిరిసెన చైత్ర వైశాఖాలలో పూయును. కొర్ర విత్తుట తరువాత వచ్చును. కనుక ఆ సూచన రైతుకు ముందుగా అందును. ఇప్ప పూచునది గోధుమ కోతల వేళ. అప్పుడది ఆ పంటకు సూచన కాజాలదు. కనుక ఈ సూత్రములన్నింటిని ఒకే తీరున సేద్యపంచాంగముగా గ్రహించుట సరికాదు.

విత్తు వేళను చెప్పునది కార్తె. సూర్యుడు ఒక నక్షత్రంలో 13 లేక 14 దినములుండు కాలమే కార్తె. ఇట్టివి ఏడాదికి 27. నేడు మృగశిర జూన్ 8 ప్రాంతమున, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమున ప్రవేశించుచున్నవి. కాని అయనచలనమువలన కార్తెలు ఋతువుల నుండి సుమారు 72 ఏండ్లకొక దినము చొప్పున జరుగుచుండును. వరాహమిహిరుని నాటికి నేటికి ఈ అంతరము దాదాపు మూడు వారములు. చాంద్రమానపు ఉగాది సైతము మార్చి నడుమ నుండి ఏప్రిల్ నడుమ వరకు మారుచుండును. ఉగాది పచ్చడికి కావలసిన వేప మాత్రము తిథిని చూచి పూయదు. దానికి వాతావరణమే పంచాంగము. చెట్టు పూత కార్తెకు సవరణగా ఉపకరించుట ఈ కారణముచేతనే.

అన్యదేశాలలోను ఇట్టి పద్ధతి కలదు. జపానులోని క్యోటో నగరంలో చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్ది నుండి లభించుచున్నవి. 2021లో అచట పూత మునుపెన్నడును లేనంత ముందుగా వచ్చినది. అమెరికాలో ఫోర్సీథియా అను పొద పసుపుపచ్చగా పూయగానే పచ్చిక బయళ్లలో కలుపు మొలవకుండ మందు చల్లుదురు. పొద పూయుటకు, కలుపు గింజ మొలచుటకు కారణమొక్కటే: శీతకాలానంతరము పెరుగు వేడి. ఒకదానిని చూచి రెండవదానిని ఊహించుట అందుచే సాధ్యమగుచున్నది.

నల్లమల తూర్పు పాదమునగల ఈ సీమలో వేడికి కొరతలేదు; కొరత నీటికి. 16వ శతాబ్దిలో గుండ్లకమ్మపై నిర్మితమైన కంభం చెరువే అందుకు సాక్ష్యము. మాఘ ఫాల్గుణాలలో మోదుగ, చైత్రమున వేప, వైశాఖమున రేల పూచుట వేసవి యెంత ముదిరినదో తెలుపును. వాన యెప్పుడు వచ్చునో తెలుపదు. కావున ఈ పూతలు వేసవి పనులకు నమ్మదగిన గుర్తులు. వేప పూత ముగియునాటికి పడిన జల్లులకు లోతుగా దున్నినచో గరిక, తుంగ వేళ్లు పైకి తేలి ఎండిపోవును. దూర్వగా పూజలందు గరికయే చేనిలో శత్రువు. గట్టున పశువులకు మేత. ఆషాఢమున వేపపండ్లు రాలుట, సస్యరక్షణకు గింజలను ఏరుకొనుటకు వేళ.

విత్తుటకు మాత్రము పూత చాలదు. పూత చూచియో, తొలి జల్లు చూచియో ఎర్రనేలలో కంది చల్లినచో మొలక లేచి, వాన వెనుదీసినప్పుడు మాడిపోవును. విత్తనమునకు, కూలికి తెచ్చిన అప్పు నిలిచిపోవును. మరల విత్తుటకు మరల అప్పు కావలెను. ఇచట ఒక పొరపాటు మూల్యము ఏడాది గ్రాసము. అందుచే జానెడు లోతున నేల తడిసినదా అని త్రవ్వి చూచుటయే తుది ప్రమాణము.

నేడు పూతలును స్థిరముగా లేవు. కేరళలో విషు పండుగకు పూయవలసిన కొన్న, అనగా మన రేల, ఇటీవల తరచు ముందుగనే పూచుచున్నది. పెద్దల నాటి గుర్తును తేదీగా కంఠస్థము చేయుట కంటె, ఊరిలోని ఒక్క చెట్టునే ఏటేట గమనించి, పూచిన దినమును, తొలి పదునువాన కురిసిన దినమును ప్రక్కప్రక్కన వ్రాసియుంచుట మేలు. కార్తె అదనును సూచించును. చెట్టు దానిని సవరించును. విత్తుటకు అనుమతి ఇచ్చునది పదును. ఈ మూడింటి క్రమమును తారుమారు చేయకుండుటయే ఈ సంప్రదాయమును సరిగా గ్రహించుట.